వేదికయా, వలయా?

ఇంజనీరింగు పరిశ్రమలవారు నేడు యంత్రములను అమ్ముటతో తృప్తి నొందక ‘ప్లాట్‌ఫారము’లను నిర్మింపనెంచుచున్నారు. యంత్రములు పంపు సమాచారమునంతయు నొకచోట జేర్చి, దానిపై అన్యులును సాఫ్ట్‌వేరు నిర్మించి విక్రయించుకొనుటకు చోటిచ్చుటయే యీ విధానము. ఆలోచన మంచిదే. కాని అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారి యనుభవమును మఱువరాదు.

వారు 2013లో ‘ప్రెడిక్స్’ అను వేదికను వెలువరించిరి. 2015లో దానికై ప్రత్యేకశాఖనే నెలకొల్పిరి. 2020 నాటికి ప్రపంచమందలి మొదటి పది సాఫ్ట్‌వేరు సంస్థలలో చేరవలెనని వారి సంకల్పము. 2017లోనే అధ్యక్షులు ఇమ్మెల్ట్‌గారు పదవి వీడిరి. సంకల్పము సంకల్పముగనే మిగిలెను. విమానపు ఇంజనులు, విద్యుత్ టర్బైనులు, వైద్యశాలల పరికరములు - వీనికన్నిటికి నొకే వేదికయట! అంతకు మించి, ఆ శాఖవారి శ్రమలో అధికభాగము ఇంటి పనులకే, అనగా కంపెనీలోని ఇతర శాఖలకే, వ్యయమయ్యెను. తమకు లాభము కానరానిచో బయటివారేల వచ్చెదరు? పోటీదారులగు సీమెన్స్‌వారు ‘మైండ్‌స్ఫియర్’ను వేఱుగనే కట్టుకొనిరి.

మన హైదరాబాదు బాలానగరములోని చిన్న కర్మాగారముల యజమానులు ఇట్టి వేదికలలో జేరుటకు ముందు ఒప్పందమును జాగ్రత్తగ జదువవలెనని మా మనవి. తమ యంత్రముల సమాచారము ఎవరి సొత్తు? విడిపోవునాడు దానిని వెంట గొనిపోవుటకు హక్కు కలదా? ఈ రెంటికి వ్రాతమూలకముగ సమాధానము లేనిచో సంతకము చేయరాదు.