విద్యుత్తు కొండసైకిలు: ఎంపిక, అమరిక

సైకిలు మీద కొండదారిని పోవువానికి రెండు చిక్కులు కలవు. ఎక్కునప్పుడు కాళ్ల బలము చాలకపోవుట ఒకటి. చక్రము మట్టిమీద పట్టు తప్పుట రెండవది. మొదటి చిక్కును మోటారు చాలవరకు తీర్చినది. రెండవదానిని తీర్చలేదు సరికదా, ఒక్కొక్కప్పుడు పెంచును. లక్షలు పోసి కొన్న విద్యుత్తు సైకిలు నడుమునొప్పి, మోకాలినొప్పి తెచ్చినదన్నా, వంపులో జారి పడవేసినదన్నా, దోషము తరచుగా మోటారుది కాదు. మనిషికి తగని కొలత, రాయివలె గట్టిగా గాలి కొట్టిన టైరు, కొన్ననాటి నుండి ఎవరును ముట్టుకొనని స్ప్రింగులు, ఇవియే కారణములు.

మోటారు ఎంత సాయపడవలెనో మొదట లెక్క చూతము. మనిషి 75 కిలోలు, సైకిలు 25 కిలోలు అనుకొందము. పదింట ఒకవంతు వాలుగల దారిని గంటకు 10 కిలోమీటర్ల వేగముతో ఎక్కవలెనన్న, ఈ 100 కిలోల బరువును పైకి లేపుటకే సుమారు 270 వాట్లు కావలెను. మెత్తని మట్టిలో చక్రములు దొర్లుటకు మరి 80 వాట్లు పోవును. వెరసి 350. ఆరోగ్యవంతుడైన సామాన్యుడు గంటసేపు ఆగకుండ ఇయ్యగలిగినది సుమారు 100 వాట్లు. తక్కిన 250 మోటారు ఇయ్యవలెను. ఐరోపా దేశములలోను మన దేశములోను ఇట్టి సైకిళ్ల మోటారుకు విధించిన హద్దు కూడ 250 వాట్లే. వేగమునకు హద్దు గంటకు 25 కిలోమీటర్లు. ఈ హద్దులలోపల ఉన్న సైకిలును మన నిబంధనలు మోటారు వాహనముగా ఎంచవు. 500 వాట్-గంటల బ్యాటరీ ఇట్టి ఎక్కుడులో రెండు గంటలకంటె కొంచెము తక్కువగా వచ్చును.

మోటారు ఎక్కడ ఉన్నదో చూచి కొనవలెను. చవుక సైకిళ్లలో అది వెనుక చక్రపు హబ్బులో ఉండును. నిటారు దారిలో చక్రము మెల్లగా తిరుగునప్పుడు ఆ మోటారు కూడ మెల్లగానే తిరిగి, విద్యుత్తును పనిగా మార్చుటకు బదులు వేడిగా మార్చును. పెడళ్ల ఇరుసువద్ద అమర్చిన మోటారు తన బలమును చైను ద్వారా, గేర్ల ద్వారా పంపును; మనిషి కాళ్లవలెనే అదియు చిన్న గేరులో సుఖపడును. పైగా బరువు నడుమను, క్రిందను ఉండుటచే సైకిలు నిలకడగా ఉండును. సాయమును ఎట్లు కొలుచుచున్నదో కూడ అడుగుడు. పెడలు తిరుగుచున్నదా లేదా అని మాత్రమే చూచు యంత్రము ఉన్నట్టుండి తోసివేయును. కాలు ఎంత బలముతో త్రొక్కుచున్నదో కొలుచు యంత్రము ఆ మేరకే సాయపడును. గులకరాళ్లమీద పట్టు నిలుచుటకు ఈ తేడా చాల ముఖ్యము.

ఇక కొలత. అమ్మువాడు మన ఎత్తు అడిగి ఫ్రేము పరిమాణము చెప్పును. అది ఆరంభము మాత్రమే. పెడళ్లమీద నిలుచుండి, మోకాళ్లు మోచేతులు కొంచెము వంచినప్పుడు హ్యాండిలు చేతికి సహజముగా అందవలెను. కొండదారిలో సగము ప్రయాణము ఈ నిలుచున్న భంగిమలోనే సాగును గనుక, కొట్టులో సీటుమీద కూర్చుండి చూచుకొనిన చాలదు. సీటు ఎత్తునకు ఒక సులువైన లెక్క కలదు. చెప్పులు లేకుండ గోడకు ఆని నిలుచుండి, నేలనుండి తొడల సందువరకు కొలిచి, దానిని 0.883తో గుణింపవలెను. పెడళ్ల ఇరుసు మధ్యనుండి సీటు పైభాగమువరకు ఉండవలసిన దూరము అంత. కాలు కొలత 78 సెంటీమీటర్లైనచో సీటు దాదాపు 69 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెను. సీటు తక్కువైనచో మోకాలి ముందుభాగము నొచ్చును, ఎక్కువైనచో తుంటి అటునిటు ఊగి నడుము పట్టుకొనును. దిగునప్పుడు మాత్రము ఈ ఎత్తు అపాయకరము. శరీరమును క్రిందికి, వెనుకకు జరుపుటకు సీటు అడ్డము వచ్చును. మీట నొక్కగానే సీటు క్రిందికి జారు గొట్టము ఇందులకే పుట్టినది. కొనుబడిలో ఏదైన తగ్గించుకొనవలసి వచ్చినచో బ్యాటరీలో తగ్గించుకొనుడు, ఈ గొట్టమును వదలుకొనకుడు.

స్ప్రింగులనగానే అవి ఎంత పొడవున కుంగిన అంత గొప్ప అనుకొందురు. నిజమునకు అవి సరిగా కుంగుచున్నవా లేదా అనునదే ప్రశ్న. నేటి సైకిళ్లలో చాలవాటికి లోహపు స్ప్రింగుకు బదులు గాలి ఉండును. చిన్న పంపుతో దానిని పెంచవచ్చును, తగ్గింపవచ్చును. ముందరి ఫోర్కు గొట్టముపై ఒక రబ్బరు ఉంగరము ఉండును. దానిని అడుగునకు జరిపి, ప్రయాణములో ధరించు బట్టలతో, వీపున సంచితో మెల్లగా ఎక్కి, పెడళ్లమీద నిలుచుండి, మెల్లగా దిగవలెను. 150 మిల్లీమీటర్లు కుంగగల ఫోర్కులో ఉంగరము 30 నుండి 37 మిల్లీమీటర్లు జరిగియుండిన సరి. వెనుకభాగమునకు మొత్తములో 30 శాతము ఉండవచ్చును. ఈ కుంగుడు ఎందుకనగా, చక్రము గుంతలోనికి దిగునప్పుడు స్ప్రింగు చాచుకొని దానిని నేలకు అదిమిపట్టవలెను. ముందే కొంత కుంగియుండని స్ప్రింగు చాచుకొనుటకు చోటు లేదు. అనగా ఇది సుఖముకొరకే కాదు, పట్టుకొరకు కూడ.

కుంగిన స్ప్రింగు తిరిగి లేచు వేగమునకు వేరొక మర కలదు. సీటుమీద కూర్చుండి ఫుట్‌పాతు అంచునుండి మెల్లగా దింపి చూడుడు. వెనుకభాగము ఒక్కసారి లేచి కుదుటపడవలెను. రెండు మూడు సార్లు ఊగినచో మరను బిగించి వేగము తగ్గింపవలెను. మరీ తగ్గించిన, వరుస రాళ్లమీద స్ప్రింగు ఒక రాయినుండి తేరుకొనకముందే రెండవది తగిలి, కుంగినది కుంగినట్లే ఉండిపోవును.

బ్రేకుల విషయమున ఒక కథ చెప్పవలసియున్నది. అమెరికాలో కాలిఫోర్నియాయందలి మారిన్ కౌంటీలో 1976లో కొందరు యువకులు పాత సైకిళ్లతో కొండ దిగు పందెములు మొదలుపెట్టిరి. 3 కిలోమీటర్లకు కొంచెము పైబడిన దారిలో సుమారు 400 మీటర్ల దిగుడు. ఒక్క దిగుడుకే వెనుక హబ్బులోని బ్రేకు కాలి గ్రీజు పొగయై పోయెడిది. మరల నింపవలసి వచ్చెడిది. అందుచే ఆ పందెమునకు ‘రీప్యాక్’ అను పేరు నిలిచినది. మన 100 కిలోలు 400 మీటర్లు దిగినచో విడుదలయగు శక్తి ఒక లీటరు చన్నీటిని మరగించి ఇంకను మిగులును. అందులో ఎక్కువ భాగము బ్రేకులే మ్రింగవలెను. మామూలు కొండసైకిలుకంటె ఇది దాదాపు పది కిలోలు బరువు గనుక 200 మిల్లీమీటర్ల పళ్లెములు గల హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు అవసరము. బ్రేకును మెత్తగా పట్టుకొనియే దిగుటకంటె, గట్టిగా పట్టి వదలుచు దిగుట మేలు. వదలినప్పుడు పళ్లెము చల్లబడును.

చివరకు టైరు. మన సైకిలు కొట్లలో బొటనవ్రేలితో నొక్కి చూచి, నొక్కుపడనంత గాలి కొట్టుట ఆచారము. తారురోడ్డుమీద అది చెల్లును. వెనుక చక్రముమీద 60 కిలోల బరువు ఉన్నదనుకొనుడు. టైరులో చదరపు అంగుళమునకు 50 పౌనుల గాలి ఉన్నచో నేలను తాకు మేర ఇంచుమించు 17 చదరపు సెంటీమీటర్లు. 25 పౌనులైనచో 34. ఘర్షణ తాకు మేరపై ఆధారపడదని పాఠ్యపుస్తకములలో చదివినవారికి ఇక్కడ సందేహము కలుగవచ్చును. ఆ సూత్రము గట్టి వస్తువులకు. రబ్బరు మెత్తనిది, రాతి గరుకులోనికి చొచ్చుకొనిపోవును. మెత్తని టైరు చిన్న రాయి చుట్టు ఒదిగి దానిని పట్టుకొనును. గట్టి టైరు దానిమీదికి ఎగిరి, ఆ క్షణమున నేలను విడుచును. నేలను విడిచిన చక్రమునకు ఏ పట్టును లేదు.

2.4 నుండి 2.6 అంగుళముల వెడల్పుగల, ట్యూబు లేని టైర్లకు 75 కిలోల మనిషి ముందు 22, వెనుక 25 పౌనులతో ఆరంభింపవచ్చును. ట్యూబు ఉన్నచో రాయికి రిమ్ముకు నడుమ అది నలిగి చిల్లిపడును గనుక మూడు నాలుగు పౌనులు అధికముగా ఉంచవలెను. తరువాత ఒక్కొక్క పౌను తగ్గించుచు అదే దారిని పోయి చూడుడు. వంపులో టైరు ప్రక్కకు ఒరగుచున్నట్లు తోచినను, రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వినిపించినను ఒక పౌను పెంచి ఆగుడు. గాలిని కొలుచు మంచి గేజి ఈ సైకిలుకు కొనదగిన మొదటి పరికరము.

ఎక్కుడులో పట్టు బరువుమీద కూడ ఆధారపడును. సమతలమున వెనుక చక్రముపై 60, ముందు చక్రముపై 40 పాళ్లున్న బరువు, అయిదింట ఒకవంతు వాలులో 78, 22గా మారును. ముందు చక్రము తేలిపోయి హ్యాండిలు మాట వినదు. అందుచే సీటు ముందుకొనకు జరిగి, మోచేతులు క్రిందికి దించి, రొమ్మును హ్యాండిలువైపు వంచవలెను. లేచి నిలుచుండినచో వెనుక బరువు తగ్గి ఆ చక్రము ఊరక తిరుగును. సాయమును గరిష్ఠమున పెట్టుటయు పొరపాటే. నడిమి మెట్టులో చిన్న గేరుతో పెడళ్లు సమముగా త్రిప్పినచో బలము ఒడిదుడుకులు లేక నేలకు చేరును. అప్పటికిని చక్రము జారుచునే యున్నచో దిగి నడుచుటలో నామోషీ లేదు. చాల సైకిళ్లకు నడకసాయపు మీట ఉండును. దానిని నొక్కి పట్టినచో గంటకు 6 కిలోమీటర్లు మించకుండ మోటారు తనంత తాను నడచును. మీరు ప్రక్కన నడుచుచు హ్యాండిలు పట్టుకొనిన చాలును.