బడి గోడ మీద బీరపాదు

ఆదివారపు బడిలో దానియేలు కథ చెప్పుచున్నాము. రాజుగారి భోజనము వద్దని కూరగాయలు అడిగిన చోటికి వచ్చేసరికి ఒక కుర్రవాడు చెయ్యెత్తాడు. "ఆ కూరగాయల్లో బీరకాయ ఉందా అయ్యగారూ? ఉంటే నేను తిన్ను" అన్నాడు. పిల్లలు నవ్వారు, మేమును నవ్వాము. ఇంటికి వచ్చిన తరువాత ఆ మాట మమ్మును వదలలేదు. ఆ బిడ్డ తాతగారు బీర, ఆనప పండించి బ్రతికిన మనిషి.

విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971లో పునాదిరాయి పడింది. గాజువాక చుట్టుప్రక్కల 64 గ్రామముల వారు భూములు వదులుకొన్నారు. వారిలో అనేకులు నేడు పునరావాస కాలనీలలో ఉన్నారు. తాత పొలము చేశాడు, తండ్రి డ్యూటీకి వెళ్ళాడు, మనవడికి కూరగాయ అంటే రైతుబజారు సంచిలో నుండి వచ్చునది. అది మట్టిలో నుండి వచ్చుట వాడు చూడలేదు. చిప్స్ ప్యాకెట్టు మాత్రము ప్రతి సందు మొదట కళ్ళ ఎదుట వ్రేలాడుచున్నది.

ఇది జిహ్వకు సంబంధించిన చిన్న విషయమని కొట్టివేయలేము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నది. దీనికి కారణములు అనేకము. నులిపురుగులు ఒకటి. ఆకుకూర, పండు కనబడని కంచము మరియొకటి. పప్పులోను ఆకుకూరలోను ఉన్న ఇనుము ఒంటికి పట్టవలెనంటే కొంచెము పులుపు తోడు కావలెను. నిమ్మచెక్క చాలును, జామపండు మరీ మంచిది. వంద గ్రాముల జామలో సి విటమిను రెండు వందల మిల్లీగ్రాములకు పైగా ఉండగా, మనము జబ్బు చేసిన వారికి కొనిపోవు ఆపిలులో పది కూడ ఉండదు!

మన రాష్ట్రములో 2003 నుండి బడులలో మధ్యాహ్న భోజనము వండి పెట్టుచున్నారు. నియమము ప్రకారము ప్రాథమిక పాఠశాల బిడ్డకు దినమునకు 50 గ్రాములు, పై తరగతుల వారికి 75 గ్రాముల కూరగాయలు అందవలెను. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రతి బడిలోను పోషకాహార తోట వేయవలెనని మార్గదర్శకములు ఇచ్చినది. స్థలము లేని చోట కుండీలలోను డబ్బాలలోను వేయవచ్చునని కూడ చెప్పినది.

ఆ కుర్రవాని బడిలో నిరుడు అలాంటి తోట వేశారు. గోడ ప్రక్క రెండు మళ్ళు, అంతే. తోటకూర నెల తిరగకముందే కోతకు వచ్చినది, బెండ యాభై దినములలోపే కాసినది. బీరపాదు మాత్రము నేల మీద చిందరవందరగా ప్రాకుచుండెను. పిల్లలు దానిని లాగి గోడకు కట్టబోయి రెండు తీగెలు తెంపివేశారు. అప్పుడు మాస్టరుగారు ఆ తాతగారికి కబురు పంపారు. ఆయన నాలుగు వెదురుబద్దలు, కొబ్బరితాడు పట్టుకొని వచ్చి, "పాదును లాగకూడదు రా బాబూ, దారి సూపించాల. అదే ఎక్కుద్ది" అన్నారు. ఆ మాట చెప్పునప్పుడు ఆయన ముఖము చూడవలసినదే. ఎన్నో ఏండ్ల తరువాత ఒకరు ఆయనను తనకు తెలిసిన పని అడిగారు.

కాయలు కాసిన తరువాత అసలు చిక్కు వచ్చినది. నగరములోని అనేక బడులకు అన్నము పెద్ద వంటశాల నుండి బండిలో వచ్చును. బడిలో పొయ్యి లేదు. పిల్లలు కోసిన కాయలు ఎక్కడ ఉడకవలెను? మొదటి కోత రెండు దినములు బల్ల మీద ఉండి వాడిపోయినది. ఇది మాకు చాల బాధ కలిగించినది.

ఇంగ్లండులో లీడ్స్ విశ్వవిద్యాలయము వారు లండను బడులలో చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలోను ఇంచుమించు ఇదే కనబడినది. తోట వేసినంత మాత్రమున పిల్లల తిండి పెద్దగా మారలేదు. తోటపని బడి జీవితములో బాగుగా కలిసిపోయిన చోట మాత్రము వారు పండ్లు, కూరగాయలు ఎక్కువగా తిన్నారు. మొక్కకు నీళ్ళు పోసిన చెయ్యి ఆ కాయను నోటిదాక తీసికొని పోగలగాలి.

అందుచేత ఆ బడిలో ఒక మార్పు చేశారు. పచ్చిగా తినదగినవి, అనగా టమాటా, కీరదోస, బొప్పాయి, బడిలోనే కోసి పంచుకొందురు. బీర, బెండ, ఆకుకూర వంతుల ప్రకారము ఇళ్ళకు వెళ్ళును. పల్లెలలో బడిలోనే వండు చోట ఈ తిప్పలు లేవు. అక్కడ మునగ, బచ్చలి వేసికొంటే సరాసరి పప్పులో పడును. పోర్టు వైపున ఉండువారు ఆకులను రెండు మూడు నీళ్ళలో కడుగుట మరువకూడదు. అక్కడ దుమ్ము ఎక్కువ.

తల్లులకు ఒక మాట. బిడ్డ ఒకసారి వద్దన్న కూరను మరల పెట్టుట మానివేయకండి. క్రొత్త రుచి నాలుకకు అలవాటగుటకు ఎనిమిది, పదిసార్లయినను కావలెను. అట్లని బలవంతముగా కుక్కవద్దు, దానివలన పగ పెరుగును. కొంచెము పెట్టండి, మీరును తినండి. తండ్రి ఆనపకాయ పులుసు ప్రక్కకు నెట్టి కోడిగుడ్డు వేయమని అడుగుచుంటే కొడుకు ఏమి నేర్చుకొనును? (ఈ విషయములో మా ఇంటిలో మా మీద కూడ ఫిర్యాదులు ఉన్నవి.)

కుర్రవాని వంతు వచ్చిన దినమున వాడు రెండు బీరకాయలు ఇంటికి తీసికొని వెళ్ళాడు. వాళ్ళమ్మ పప్పులో వేసినది. తిన్నావా అని మరుసటి ఆదివారము అడిగితే, "మా పాదుది కదా అయ్యగారూ" అన్నాడు. బజారులో కొన్న బీరకాయ ఇంకను తినుట లేదని వాళ్ళమ్మ చెప్పినది. అదియు నిజమే, దాచి ప్రయోజనము లేదు.

ఇక వేసవి సంగతి. ఏప్రిల్ చివర బడి మూసినది మొదలు జూన్ నడిమి వరకు నీరు పోయువారు లేక అనేక బడితోటలు ఎండిపోవుచున్నవి. మొక్కతోపాటు పిల్లల ఉత్సాహము కూడ ఎండిపోవును. ఈ బడి ప్రక్కనే మన మందిరమునకు బోరు ఉన్నది. గోడ మీదుగా గొట్టము వేయుటకు సంఘ పెద్దలు ఒప్పుకొన్నారు. సోమ, గురువారములు తాతగారివి, బుధవారము యౌవనస్థులది. శనివారమునకు ఇంకను ఎవరును పేరు ఇవ్వలేదు.