మీకు తెలుసా? మోటుపల్లి రేవులో సుంకం ముప్పయ్యో వంతే!

సుమారు 780 ఏళ్ల కిందట మోటుపల్లి రేవులో దిగే సరుకు మీద, ఓడకెక్కే సరుకు మీద రాజుకు కట్టాల్సిన సుంకం ముప్పయ్యింట ఒక వంతు మాత్రమే. అంటే మూడున్నర శాతం కూడా కాదు!

కాకతీయ గణపతిదేవుడు 1244-45లో ఈ రేటును రాతి మీద చెక్కించి మరీ ప్రకటించాడు. మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలోని ఆ స్తంభ శాసనాన్నే 'అభయ శాసనం' అంటారు.

● అంతకుముందు తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, బంగారమైనా గుర్రాలైనా రాజులు లాగేసుకునేవారు. ఇకపై సుంకం పోగా మిగిలిందంతా వర్తకుడిదేనని గణపతిదేవుడు మాటిచ్చాడు. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రానికి తెగించినవాళ్ల మీద దయతో ఇలా చేస్తున్నానని శాసనంలో చెప్పించాడు.

● గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు... దేనికెంత కట్టాలో విడివిడిగా రాయించాడు. ఈ చిట్టాలో మిరప మాత్రం ఉండదు. అది మన దేశానికి వచ్చింది పోర్చుగీసుల రాక తర్వాతే.

● సరుకు మీద సుంకం మన దగ్గరే కాదు, ఆ శతాబ్దంలోనే ఇంగ్లండ్ రాజులు కూడా పట్టణాలకు 'మ్యూరేజ్' వసూలు చేసుకునే అనుమతి ఇచ్చేవారు. అమ్మకానికి వచ్చే సరుకు మీద కొన్నేళ్లపాటు సుంకం రాబట్టి, ఆ డబ్బుతో ఊరి చుట్టూ రక్షణ గోడ కట్టుకునేవారు.

అంతకుముందు ప్రకాశం జిల్లాలో ఉన్న మోటుపల్లి, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది.