యోజ్మా

యోజ్మా అనునది నూతన సాంకేతిక సంస్థలకు పెట్టుబడి సమకూర్చుటకై ఇజ్రాయిల్ ప్రభుత్వము 1993లో ప్రారంభించిన నిధి. హీబ్రూ భాషలో ఈ పదమునకు "చొరవ" అని అర్థము. పది కోట్ల అమెరికా డాలర్లతో మొదలైన ఈ నిధి, ఆ దేశములో వెంచర్ క్యాపిటల్ పరిశ్రమ ఏర్పడుటకు ముఖ్యకారణముగా పరిగణింపబడుచున్నది.

నేపథ్యము

1990 దశకపు తొలి సంవత్సరాలలో సోవియట్ యూనియన్ నుండి లక్షలాది యూదులు ఇజ్రాయిల్ చేరారు. వారిలో ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు చాలామంది. పరిశోధనకు ప్రభుత్వ గ్రాంట్లు అప్పటికే ఉండేవి. అయితే తయారైన వస్తువును విదేశాలలో అమ్ముటకు కావలసిన ధనము గానీ అనుభవము గానీ కొత్త సంస్థలకు లేవు. తాకట్టు పెట్టుటకు ఆస్తి లేనందున బ్యాంకు అప్పు దొరకుట కూడ కష్టమే.

1992లో ప్రభుత్వము ఇన్‌బాల్ అను బీమా సంస్థ ద్వారా మరియొక పథకము ప్రయత్నించినది. వెంచర్ క్యాపిటల్ నిధుల పెట్టుబడిలో 70 శాతమునకు హామీ ఇచ్చుట దాని పద్ధతి. నష్టభయము తగ్గినది గానీ, మంచి సంస్థలను వెదకి పెంచవలసిన అవసరము కూడ దానితోపాటే తగ్గినది. పథకము ఆశించిన ఫలితము నివ్వలేదు.

పనిచేసిన విధానము

ప్రధాన శాస్త్రవేత్త పదవిలో నుండిన యిగాల్ ఎర్లిఖ్ యోజ్మాకు రూపకర్త. ఇందులో 8 కోట్ల డాలర్లు పది ప్రైవేటు నిధులకు కేటాయించబడినవి. ఒక్కొక్క నిధిలో ప్రభుత్వ వాటా సుమారు 80 లక్షల డాలర్లు, అనగా 40 శాతము. మిగిలినది ప్రైవేటు భాగస్వాములే తేవలెను. వారిలో అనుభవముగల విదేశీ సంస్థ ఒకటి, స్థానిక ఆర్థిక సంస్థ ఒకటి ఉండవలెను. తక్కిన 2 కోట్లు నేరుగా కంపెనీలలో పెట్టబడినవి.

అసలు కీలకము వేరొక నియమములో ఉన్నది. ఐదేళ్ళ లోపు ప్రభుత్వ వాటాను అసలు, వడ్డీ, భావిలాభములో స్వల్పభాగము చెల్లించి భాగస్వాములు కొనుక్కొనవచ్చును. ఉదాహరణకు ఆ వాటా విలువ రెండింతలైనచో, పెరుగుదలలో అధికభాగము వారిదే అగును. విలువ పడిపోయినచో మాత్రము వారి సొంత నష్టమును ప్రభుత్వము పూడ్చదు. ఇన్‌బాల్ నష్టమునకు కాపు కాసినది, యోజ్మా లాభమునకు ఆశ చూపినది. పది నిధులలో ఎనిమిది ఈ హక్కును వినియోగించుకొన్నవి. 1998 నాటికి ప్రభుత్వము చాలావరకు తప్పుకొన్నది.

పరిమితులు

ఈ విజయము నిధి ఒక్కదానిదే అనుట సరికాదు. సైనిక పరిశోధనలో ఆరితేరిన ఇంజనీర్లు, అమెరికాలో నాస్‌డాక్ మార్కెట్టు ఊపు కూడ అదే కాలమున కలిసివచ్చినవి.

భారతదేశములో

2016లో సిడ్బీ నిర్వహణలో 10,000 కోట్ల రూపాయలతో స్టార్టప్‌ల కొరకు "నిధుల నిధి" ఏర్పడినది. ఇదియును సంస్థలకు నేరుగా ధనమివ్వక, సెబీ వద్ద నమోదైన నిధుల ద్వారానే ఇచ్చును. తాము పొందిన మొత్తమునకు కనీసము రెండింతలు ఆ నిధులు స్టార్టప్‌లలో పెట్టవలెనన్నది షరతు.