108 మెగాపిక్సెల్ ఫోన్‌తో తీసినా తాతయ్య ఫోటో ఎందుకు పగిలిపోయింది?

ఈరోజు ఎపిసోడ్ ఫోన్ రివ్యూ కాదు. మెగాపిక్సెల్ అంటే ఏంటి, రిజల్యూషన్ అంటే ఏంటి, ఈ రెండిటికీ ఫోటో క్వాలిటీకీ ఉన్న సంబంధం ఎంత, అది మాట్లాడుకుందాం. ఎప్పటినుంచో చెయ్యాలనుకుంటున్న టాపిక్ ఇది. ఇప్పుడే ఎందుకు చేస్తున్నానంటే, పోయిన నెలలో మా ఇంట్లో జరిగిన ఒక విషయం వల్ల. ముందు అది చెప్తాను.

మా తాతయ్య చనిపోయారు. పెద్దకర్మ రోజుకి దండ వేసి పెట్టడానికి ఫోటో కావాలి. నానమ్మ నన్ను పిలిచి, "నువ్వు ఫోన్ల పనే కదరా చేసేది, మీ తాతయ్యది మంచి ఫోటో ఒకటి పెద్దది కట్టించుకురా నాన్నా" అంది. తాతయ్యకి ఫోటో దిగడమంటే అస్సలు పడదు. ఆధార్ కార్డు మీద ఫోటో అయితే మీకు తెలుసుగా ఎలా ఉంటుందో. ఆయన నవ్వుతూ ఉన్నది ఒక్కటే ఉంది. రెండేళ్ల కిందట బాబాయి కూతురి పెళ్లిలో నేను నా ఫోన్‌తో తీసిన గ్రూప్ ఫోటో. అది ఫ్యామిలీ గ్రూప్‌లో దొరికింది. అందులోంచి తాతయ్యని క్రాప్ చేసి స్టూడియోకి పట్టుకెళ్లి, 12 బై 18 సైజు ఫ్రేమ్ కావాలన్నాను.

స్టూడియో అన్న స్క్రీన్ మీద పెట్టి చూసి, "తమ్ముడూ, ఇది పగిలిపోద్ది" అన్నాడు. నేనేమో గొప్పగా "అన్నా, అది 108 మెగాపిక్సెల్ ఫోన్‌తో తీసింది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఫోటో మీద మౌస్ పెట్టాడు. 300 బై 400 అని చూపించింది. మూడు వందల చుక్కలు అడ్డంగా, నాలుగు వందల చుక్కలు నిలువుగా. మొత్తం 1,20,000. మరి నేను చెప్పిన 10 కోట్ల 80 లక్షల చుక్కలు ఎక్కడికి పోయాయి? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్నకి జవాబే.

ముందు బేసిక్స్. సంక్రాంతికి చుక్కల ముగ్గు వెయ్యడం చూసే ఉంటారు. 15 చుక్కలు, 15 వరసలు అంటారు కదా. డిజిటల్ ఫోటో కూడా అంతే. ఒక్కో చుక్క ఒక పిక్సెల్. అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని వరసలు అన్నదే రిజల్యూషన్. ఆ రెండూ గుణిస్తే వచ్చేది మొత్తం పిక్సెల్స్. 10 లక్షల పిక్సెల్స్ అయితే ఒక మెగాపిక్సెల్. 4000 చుక్కలు, 3000 వరసలు అంటే 1 కోటి 20 లక్షలు, అంటే 12 మెగాపిక్సెల్. అదే 12000 బై 9000 అయితే 108. లెక్క ఇంతే, ఇందులో మాయ ఏమీ లేదు.

మొట్టమొదటి డిజిటల్ కెమెరా ఎంతో తెలుసా? 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ శాసన్ అనే ఇంజనీర్ తయారుచేశాడు. 100 బై 100. అంటే 10,000 పిక్సెల్స్, 0.01 మెగాపిక్సెల్. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. బరువేమో మూడున్నర కిలోల పైనే. అక్కడ మొదలై ఇప్పుడు జేబులో 108, 200 దాకా వచ్చాం.

సరే, ఇప్పుడు నా 108 ఎక్కడ పోయిందో చూద్దాం. ఒకేచోట పోలేదు, మూడు చోట్ల పోయింది.

మొదటిది కెమెరాలోనే. మీ ఫోన్ 48, 50, 108, 200 ఏదైనా కానివ్వండి, గ్యాలరీలోకి వెళ్లి మామూలుగా తీసిన ఒక ఫోటో ఓపెన్ చేసి డీటెయిల్స్ చూడండి. చాలా ఫోన్లలో 4000 బై 3000 కానీ, దానికి దగ్గరగా కానీ ఉంటుంది. అంటే 12 మెగాపిక్సెల్. మోసం అని తిట్టుకోకండి, దీనికి కారణం ఉంది. 2019లో శాంసంగ్, షావోమీ కలిసి తెచ్చిన 108 మెగాపిక్సెల్ సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.8 మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది, మీరే ఊహించుకోండి. వాన పడేటప్పుడు మేడ మీద ఒక బేసిన్ పెట్టారు, పక్కన టీ గ్లాసు పెట్టారు. పెద్ద వానలో రెండూ నిండుతాయి. తుంపర పడితే గ్లాసులో నాలుగు చుక్కలు కూడా పడవు. వెలుతురు కూడా వాన లాంటిదే. ఎండలో చిన్న పిక్సెల్ కూడా బాగానే పనిచేస్తుంది. రాత్రి, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద, దానికి సరిపడా వెలుతురు దొరకదు. అప్పుడే ఫోటోలో ఆ రవ్వరవ్వగా గింజలు కనిపిస్తాయి. దాన్నే నాయిస్ అంటాం.

అందుకని ఏం చేస్తారంటే, పక్కపక్కనే ఉన్న పిక్సెల్స్‌ని కలిపి ఒకటిగా లెక్కేస్తారు. 48 మెగాపిక్సెల్ సెన్సార్‌లో నాలుగింటిని ఒకటి చేస్తే 12. 2020లో వచ్చిన గెలాక్సీ ఎస్20 అల్ట్రాలో తొమ్మిదింటిని ఒకటి చేస్తే, 108 కాస్తా 12 అయింది. 0.8 మైక్రాన్ గ్లాసులు తొమ్మిది కలిసి 2.4 మైక్రాన్ బేసిన్ అయ్యాయి. 200 మెగాపిక్సెల్ వాటిలో పదహారింటిని ఒకటి చేస్తే 12.5. దీన్ని పిక్సెల్ బిన్నింగ్ అంటారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సెన్సార్‌లో ఒక్క పిక్సెల్‌కి రంగులన్నీ కనపడవు. కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ పేరు మీద 1976లో పేటెంట్ వచ్చిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ప్రతి పిక్సెల్ మీద ఒక రంగు అద్దం ఉంటుంది. సగం పిక్సెల్స్‌కి ఆకుపచ్చ, పావు వంతుకి ఎరుపు, పావు వంతుకి నీలం. మిగతా రెండు రంగులు ఎంతో పక్కవాటిని చూసి ఫోన్ లెక్కగట్టుకుంటుంది. ఎస్20 అల్ట్రాలోని 108 మెగాపిక్సెల్ సెన్సార్‌లో అయితే పక్కపక్కన ఉన్న తొమ్మిది పిక్సెల్స్ మీదా ఒకే రంగు అద్దం ఉంటుంది. కాబట్టి మీరు సెట్టింగ్స్‌లో ఫుల్ 108 మోడ్ పెట్టినా, రంగుల విషయంలో వివరం 12 మెగాపిక్సెల్ స్థాయిలోనే దొరుకుతుంది, పైది చాలావరకు లెక్కగట్టి నింపినదే.

పైగా లెన్స్‌కి కూడా ఒక హద్దు ఉంది. ముగ్గు పిండి చిటికెడు పట్టుకుని చుక్క పెడతాం కదా, ఆ చిటికెడు కంటే సన్నటి చుక్క పెట్టలేం. లెన్స్ కూడా అంతే. ఎఫ్ 1.8 లెన్స్ ఎంత గొప్పగా తయారుచేసినా, అది సెన్సార్ మీద వేయగలిగే వెలుగు చుక్క వెడల్పు 2.4 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అది కాంతి స్వభావం, ఎవరూ మార్చలేరు. దాని కింద 0.8 మైక్రాన్ పిక్సెల్స్ పరిస్తే ఒకే చుక్క వాటన్నిటి మీదా పరుచుకుంటుంది. పిక్సెల్స్ పెరిగినంతగా వివరం పెరగకపోవడానికి ఇదొక కారణం. సోనీ ఏ7ఎస్ 3 అని ఒక కెమెరా ఉంది, 2020లో వచ్చింది. లక్షల్లో ధర, 12 మెగాపిక్సెలే. ఐఫోన్ 6ఎస్ నుంచి 13 దాకా వెనక కెమెరాలన్నీ 12 మెగాపిక్సెలే. వాటితో తీసిన ఫోటోలు ఎలా ఉంటాయో మీకే తెలుసు. అలాగని ఎక్కువ మెగాపిక్సెల్స్ ఉత్త దండగ అనను. మంచి ఎండలో, చెయ్యి కదలకుండా తీస్తే ఫుల్ మోడ్‌లో కాస్త ఎక్కువ వివరం కచ్చితంగా వస్తుంది, క్రాప్ చేసుకోవడానికి పనికొస్తుంది. పోస్టర్ మీద పెద్దక్షరాలతో వేసిన నంబర్ చూసి మాత్రం ఐదు వేలు ఎక్కువ పెట్టకండి.

రెండో చోటు, క్రాప్. నా పెళ్లి ఫోటోలో 20 మందికి పైగా ఉన్నారు. 12 మెగాపిక్సెల్స్‌ని వాళ్లందరూ, మండపం, పూలు, ముందు వరసలో పరిగెడుతున్న పిల్లలు పంచుకున్నారు. తాతయ్య తల, భుజాలు కలిపి వాటాకి వచ్చింది 750 బై 1000. అంటే ముప్పావు మెగాపిక్సెల్. జూమ్ కూడా ఇదే కథ. స్క్రీన్ మీద రెండు వేళ్లతో లాగుతారు చూడండి, వేరే లెన్స్ లేకపోతే అది ఉత్త క్రాపే. 2ఎక్స్ జూమ్ చేస్తే అడ్డం సగం, నిలువు సగం, అంటే 12 కాస్తా 3 అయిపోతుంది. 4ఎక్స్ అయితే 0.75. జూమ్ బదులు నడిచి దగ్గరికి వెళ్లండి. దూరం సగం చేస్తే మొహం మీద పడే పిక్సెల్స్ నాలుగింతలు అవుతాయి. నేను ఆ రోజు కుర్చీల మధ్యలోంచి ముందుకెళ్లడానికి బద్ధకించాను, అది నా తప్పే.

మూడో చోటు, పంపించడం. చాలా మెసేజింగ్ యాప్స్ మామూలుగా పంపితే ఫోటోని తగ్గించేస్తాయి, డేటా తక్కువ ఖర్చవ్వాలని. నా ఫోటో గ్రూప్‌లోకి వెళ్లేసరికి 1600 బై 1200 అయింది. తాతయ్య వాటా 750 బై 1000 కాస్తా 300 బై 400 అయింది. వాట్సాప్‌లో 2023 నుంచి హెచ్‌డీ ఆప్షన్ ఉంది, అది కాస్త నయం. అసలు ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్లాలంటే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

ఇప్పుడు ప్రింట్ లెక్క. 300 చుక్కల్ని 12 అంగుళాల వెడల్పు మీద పరిస్తే అంగుళానికి 25 చుక్కలు. ఒక్కో చుక్క ఒక మిల్లీమీటర్ వెడల్పు! స్కేలు తెచ్చి చూడండి ఎంత లావో. చేతిలో పట్టుకుని చూసే ప్రింట్‌కి అంగుళానికి 300 ఉంటే బాగుంటుంది, 150 దాకా ఓకే. మరి సెంటర్‌లో కట్టే పుట్టినరోజు ఫ్లెక్సీలు ఎలా బాగుంటాయి అని అడుగుతారు. 12 మెగాపిక్సెల్ ఫోటోని 10 అడుగుల ఫ్లెక్సీ మీద వేస్తే అంగుళానికి 33 చుక్కలే. కానీ దాన్ని మీరు రోడ్డు అవతల నుంచి చూస్తారు. కన్ను 30 సెంటీమీటర్ల దూరంలో అంగుళానికి దాదాపు 300 చుక్కలు విడదీయగలదు, 3 మీటర్ల దూరంలో 30 మాత్రమే. దూరం పదింతలైతే అవసరం పదోవంతు. ఫ్లెక్సీకి సరిపోయేది ఇంట్లో గోడకి సరిపోదు. మా నానమ్మ ఆ ఫోటోని రోడ్డు అవతల నుంచి చూడదు కదా.

అన్నట్టు, కేబీలకీ పిక్సెల్స్‌కీ ముడి పెట్టకండి. పరీక్షల అప్లికేషన్లలో ఫోటో 50 కేబీ లోపు ఉండాలంటే చాలామంది క్వాలిటీ తగ్గించీ తగ్గించీ మొహం చెరిపేస్తారు. ముందు వాళ్లడిగిన పిక్సెల్ సైజుకి తగ్గించండి, కేబీలు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి.

మళ్లీ స్టూడియోకి వద్దాం. ఆ అన్న, "ఏఐ యాప్‌లో వేసి చూద్దామా?" అన్నాడు. వేశాడు. నిమిషంలో అద్దంలా వచ్చింది. నేను కూడా భలే ఉందనుకున్నాను. ఇంటికి తీసుకెళ్లి ఫోన్‌లో చూపిస్తే నానమ్మ చాలాసేపు చూసి, "ఎవర్రా ఈయన?" అంది.

తాతయ్యకి చిన్నప్పుడు అమ్మవారు పోసింది. ఎడమ చెంప మీద ఆ మచ్చలు ఉండేవి. యాప్ వాటిని తీసేసింది. కాదు, తీసెయ్యలేదు. 300 చుక్కల ఫోటోలో అవి ఉండీ లేనట్టు ఉన్నాయి. యాప్‌కి తాతయ్య తెలియదు. అది చూసిన లక్షల మొహాల్లో చెంప ఎలా ఉంటుందో, అలాంటి చెంప ఒకటి పెట్టేసింది. లేని పిక్సెల్స్‌ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు, కొత్తవి కల్పించగలదు. పూలకి, కొండలకి అది పర్లేదు. మనిషి మొహానికి, అదీ యాభై ఏళ్లు పక్కన ఉన్న మనిషికి చూపించే మొహానికి, పనికిరాదు.

ఒరిజినల్ నా ఫోన్‌లో లేదు. స్టోరేజ్ ఫుల్ అయిందని ఎప్పుడో డిలీట్ చేశాను. అదృష్టం ఏంటంటే, పెళ్లయిన మర్నాడు ఫోటోలన్నీ కేబుల్ పెట్టి బాబాయి ల్యాప్‌టాప్‌లో వేశాను. ఆ రాత్రి బాబాయి వెతికి పెట్టాడు. 4000 బై 3000, ఉన్నదున్నట్టు. తాతయ్య వాటా 750 బై 1000. దాన్ని 12 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 62, అప్పటికీ చాలదు. స్టూడియో అన్నే ఉపాయం చెప్పాడు. ఫ్రేమ్ 12 బై 18 ఉంచి, లోపల ఫోటో 5 అంగుళాల వెడల్పే వేసి, చుట్టూ తెల్ల మౌంట్ పెట్టాడు. 750ని 5తో భాగిస్తే 150. సరిపోయింది.

నానమ్మ ఫ్రేమ్ చూసి, "ఇంత చిన్నగా వేశారేంట్రా" అని ముందు కోప్పడింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి తీసుకుని, ఎడమ చెంప మీద వేలు పెట్టింది. ఇంకేమీ అనలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో సెన్సార్ సైజు గురించి, ఆ 1/1.33 అంగుళాలు అని రాస్తారే, ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. ఈలోపు మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోటోలు గ్రూపుల్లో మాత్రమే ఉంటే, తీసినవాళ్లకి ఫోన్ చేసి ఒరిజినల్ అడగండి. డాక్యుమెంట్‌గా పంపమనడం మర్చిపోకండి. ఉంటాను.