బైలా కాకముందే చెప్పాలి తకరారు!

మురుగమల్ల: మన ఊరికి గ్రామ పంచాయతీ ఉంది. సరుకు అమ్మేందుకు చింతామణి పోతే మాత్రం అక్కడి నగరసభ కట్టుబాట్లే వర్తిస్తాయి. చెత్త, మార్కెట్ వంటి వాటిపై నగరసభ చేసే స్థానిక చట్టమే బైలా. ఆ అధికారం 1964 నాటి కర్ణాటక పురసభల చట్టం ఇచ్చింది.

ముందుగా ముసాయిదాను జనానికి తెలిసేలా ప్రకటించాలి. ఎప్పుడు పరిశీలిస్తారో నోటీసులో చెప్పాలి. ఆ తేదీలోపు అందిన ఆక్షేపణలు, సూచనలను కౌన్సిల్ చూడాలి. తీర్మానంతోనే పని అయిపోదు, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదమూ కావాలి. ఆ తర్వాత మీరితే జరిమానా పడవచ్చు.

ఇంట్లో తెలుగు మాట్లాడే మనవాళ్లు కన్నడ నోటీసు చూసి 'మనకెందుకులే' అనుకుంటే నష్టం మనకే. బడికెళ్లే పిల్లలతోనైనా చదివించుకోండి. గడువులోపు తకరారు రాసిచ్చి, నకలు దగ్గరుంచుకోండి. రసీదు చేతికొచ్చాక వాదించి లాభమేముంది?