నయమైందని మాత్రలు ఆపితే మళ్లీ మొదటికే

నస్రుల్లాబాద్: మనిషి నాలుగు రాత్రులు నిద్రపోడు. అయినా అలుపు ఉండదు. చీకటితోనే లేచి ఊరంతా తిరుగుతాడు. ఆగకుండా మాట్లాడతాడు. ఒకేసారి రెండు బోర్లు వేయిస్తానంటాడు. ఎకరం అమ్మి కారు కొంటానంటాడు. కాదన్నవారి మీద విరుచుకుపడతాడు. కొన్నాళ్లకు అదే మనిషి మంచం దిగడు. కోతకు వచ్చిన వరి వంక కూడా చూడడు. బతికి ఏం లాభమంటాడు.

ఇది గాలి సోకడం కాదు, బాణామతి కాదు. తాయెత్తులతో పోదు. దీనిని డాక్టర్లు బైపోలార్ అంటారు. మనసు కొన్నాళ్లు హద్దు మీరి ఉరకలు వేస్తుంది, కొన్నాళ్లు కుంగిపోతుంది. నడుమ మనిషి మామూలుగానే ఉంటాడు. ఆడ, మగ తేడా లేకుండా తరచుగా పడుచు వయసులోనే మొదలవుతుంది. 2017 నాటి అంచనా ప్రకారం దేశంలో 76 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నది.

మందు ఉన్నది. లిథియం అనే లవణం దీనికి పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ వెల్లడించారు. నేటికీ అది ముఖ్యమైన మందే. వేరే మందులూ వచ్చాయి. సరిగా వాడుతూ సేద్యం, ఉద్యోగం, సంసారం చేసుకుంటున్నవారు ఎందరో ఉన్నారు. చిక్కల్లా నయమైందని మాత్రలు ఆపడంతోనే వస్తున్నది. బీపీ, షుగర్ మాదిరిగా దీనికి కూడా ఏళ్ల తరబడి మందు వాడవలసి ఉంటుంది.

లిథియం వాడేవారు డాక్టర్ చెప్పిన గడువుకు రక్త పరీక్ష చేయించుకోవాలి. ఎండలో పని చేసేటప్పుడు నీళ్లు బాగా తాగాలి. ఉప్పు ఒక్కసారిగా మానరాదు. డాక్టర్‌ను అడగకుండా నొప్పుల గోలీలు మింగరాదు. చేతులు బాగా వణికినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, నడకలో తూలినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. కనుక పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

కల్లు, సారా ఈ జబ్బును ముదరబెడతాయి. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పలువురు ఆస్పత్రి పాలైన సంగతి తెలిసిందే.

నిద్ర తగ్గడం జబ్బు తిరగబెడుతున్నదనడానికి తరచుగా మొదటి గుర్తు. ఇంటివారు అప్పుడే డాక్టర్ దగ్గరకు తీసుకుపోవాలి. పట్టా పుస్తకం, డబ్బు ఎవరి దగ్గర ఉండాలో మనిషి బాగున్నప్పుడే అతనితో మాట్లాడుకోవడం మంచిది. చస్తానన్న మనిషిని ఒంటరిగా వదలరాదు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచరాదు. రోగిని గొలుసులతో కట్టేయడం 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషిద్ధం.

నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఊరివారి వంతు కూడా ఒకటున్నది. కోలుకుని వచ్చిన మనిషిని పిచ్చోడనకుండా, ఎప్పటిలాగే పనికీ పెళ్లికీ పిలవాలి.